భూదేవంత ఓర్పు

ఆడవాళ్లని మెచ్చుకోవడానికి మన భాష దాచుకున్న మాట ‘భూదేవంత ఓర్పు’. ఈ మెప్పు ఎవరికి సౌకర్యం?

సముద్రపు నత్తల గురించి చదువుతున్నప్పుడు ఈ ప్రశ్న మళ్లీ ఎదురైంది. హాంకాంగ్ తీరంలో వేసవి మధ్యాహ్నాల్లో రాళ్లు 50 డిగ్రీలు దాటి కాలుతాయి. ఎకినోలిట్టొరైనా అనే చిన్న నత్త గుల్లలోకి ముడుచుకుని, మూత బిగించుకుని, ఎండిన జిగురు ఆసరాతో రాతిని పట్టుకుని ఉంటుంది. జీవక్రియని తగ్గించుకుంటుంది. శాస్త్రం దీన్ని తట్టుకునే శక్తి అంటుంది. నిజమే. కానీ ముడుచుకున్నంతసేపూ దానికి మేత లేదు. వేడికి దెబ్బతిన్న ప్రొటీన్లని బాగుచేసుకోవడానికీ శక్తి కావాలి. ఓర్పు ఖర్చంతా దాని ఒంట్లోంచే పోతుంది.

దానికీ ఒక హద్దుంది. 2021 జూన్ చివర కెనడా పశ్చిమతీరాన్ని వడగాడ్పు కమ్మింది. అక్కడి ఒడ్డున ఆల్చిప్పలు, నత్తలు వంటి జీవులు వందకోట్లకు పైగా చనిపోయి ఉంటాయని జీవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫర్ హార్లీ అంచనా వేశారు. మనుషులు భూమిని వేడెక్కించకపోతే అంతటి వేడి దాదాపు అసాధ్యమని వాతావరణ పరిశోధకులు తేల్చారు.

‘అవే సర్దుకుంటాయిలే’ అనడం మనకి పాత అలవాటు. అత్తింటికి పంపుతూ ఆడపిల్లకీ ఇదే చెప్పాం. ఆమె ఏదో ఒకనాడు ఎదురుతిరిగి అడగగలదు. నత్త అడగలేదు. కాబట్టి దాని ఓర్పుని పొగిడే ముందు, ఆ రాతిని కాలుస్తున్నదెవరో మనమే అడగాలి. జవాబులో మన ఇళ్లూ ఉంటాయి.