పూర్వుల గృహము: పరిగ్రహమా, న్యాసమా?

తాతముత్తాతలు కట్టించిన ఇల్లు పట్టణమున బజారువీధిలో నుండును. క్రింద కొట్టు, పైన కాపురము, నడుమ మండువా, ఒక గదిలో గృహచైత్యము. అన్నదమ్ముల బిడ్డలు తలకొక యూరున వ్యాపారములు చేసికొనుచుందురు. ఆ ఇల్లు పడగొట్టి అయిదంతస్తుల మేడ కట్టెదననియు, అందు సగము వాటాదారులకే ఇచ్చెదననియు బిల్డరు కబురంపును. ఇట్టి కబురు నేడు అనేక వర్తక కుటుంబములకు వచ్చుచున్నది. అంతట ఇంటిలో రెండు పక్షములేర్పడును. చిత్రమేమనగా, ఉభయులును ధర్మమునే పలుకుదురు.

అమ్ముదమనువారి వాదమిది: శ్రావకునకు విధింపబడిన పరిగ్రహ పరిమాణ వ్రతమున క్షేత్రము, వాస్తువు, అనగా పొలము, ఇల్లు మొట్టమొదట లెక్కింపబడినవి. హద్దు పెట్టుకొనవలసిన వస్తువును పట్టుకొని వ్రేలాడుట జైనునకు తగునా? నిలుపుదమనువారి వాదమిది: పెద్దలు చెమటోడ్చి కట్టినదానిని పడగొట్టించు హక్కు మనకెక్కడిది?

మొదటి వాదము వినుటకు గంభీరముగ నున్నను పరీక్షకు నిలువదు. తత్త్వార్థసూత్రకారుడు పరిగ్రహమును వస్తువునందు గాక మూర్ఛయందు, అనగా 'నాది' యను మమకారమునందు చూపెను. ఒక పాత ఇంటిని విడిచి దానికి బదులు నాలుగు ఫ్లాట్లు కోరువాడు మమకారమును విడిచినవాడు కాడు; దానికి అంతస్తులు పెంచినవాడు. అటులనే, వాకిట తాతగారి పేరు చెక్కించి, లోపల దూలములకు చెదలు పట్టనిచ్చి, 'మా వంశము' అని గర్వించువాడును మూర్ఛయందే యున్నాడు. కావున అమ్మకమే త్యాగమనియు, నిలుపుటయే భక్తియనియు చెప్పుటకు వీలులేదు.

వర్తకులకు బాగుగ తెలిసిన మాట ఇంకొకటి కలదు. అది న్యాసము: నమ్మి, దాచియుంచుమని ఒకరిచ్చిన సొమ్ము. దానిని అపహరించుట సత్యాణువ్రతమునకు చెప్పబడిన అయిదు అతిచారములలో నొకటి. అది అస్తేయవ్రతము క్రింద గాక సత్యవ్రతము క్రింద వచ్చుట గమనింపదగినది. సొమ్ము పోవుటకంటె నమ్మకము చెడుట పెద్ద దోషమని దీనివలన గ్రహింపవచ్చును. పూర్వుల గృహమును ఈ దృష్టితో చూచిన చిక్కు చాలవరకు విడును. కట్టినవారు గతించిరి, అందు పెరుగవలసినవారు కొందరింకను పుట్టలేదు. నడిమి తరము దానిని దాచియుంచు తరము. అందు కాపురముండవచ్చును, వ్యాపారము చేయవచ్చును. కేవలము లాభమునకై దానిని కరిగింపరాదు.

అయితే న్యాసమునకు లెక్క యుండవలెను. ఇచ్చటనే నిలుపుదమనువారు తరచుగ తప్పుదురు. పెద్దన్న ఆ ఇంట కాపురముండి 'అమ్మరాదు' అని పలుకును. అత్తవారింట నున్న చెల్లెలికి వాటా అందదు. హిందూ వారసత్వ చట్టము జైనులకును వర్తించును. 1956 నాటి ఆ చట్టములోని 23వ సెక్షను ప్రకారము, కుటుంబము కాపురమున్న ఇంటిని మగవారు పంచుకొనదలచువరకు ఆడబిడ్డ పంపకము కోరరాదు. 2005లో ఆ సెక్షను తొలగింపబడెను. పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కలిగెను. చెల్లెలి వాటాను మ్రింగి నిలిపిన ఇల్లు న్యాసము కాదు, న్యాసాపహారమే. వాటాకు విలువ కట్టి, వాయిదాలమీదనైనను చెల్లించువానికే 'నిలుపుదము' అను అర్హత కలదు. ఒకవేళ వాటాను పరాయివాడు కొని పంపకమునకు దావా వేసినచో, న్యాయస్థానము నిర్ణయించిన వెలకు దానిని కొనుటకు కుటుంబమువారికి 1893 నాటి పార్టిషను చట్టము 4వ సెక్షను అవకాశమిచ్చుచున్నది.

పాత ఇండ్లు ఈ కాలమున నిలుచునా యని సందేహించువారు అహమ్మదాబాదు పాతనగరమును చూడవచ్చును. అచటి పోళ్ళలో, అనగా ద్వారబంధము గల ఇరుకు వీధులలో, జైన వర్తకుల కొయ్యచెక్కడపు ఇండ్లు, జినమందిరములు, ఇంటి ముంగిలి క్రింద వాననీటి తొట్లు, పక్షులకు గింజలు వేయు చబూత్రాలు నేటికిని కలవు. 2017లో ఆ నగరము యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరెను. భారతదేశమున అట్లు చేరిన మొదటి నగరమదియే. పాత ఇల్లు కాపాడువాడు తన స్థలమున వాడుకొనని నిర్మాణపు హక్కును వేరొకచోట కట్టువారికి అమ్ముకొని, ఆ ధనముతో మరమ్మతు చేయించుకొను ఏర్పాటు అచటి నగరపాలక సంస్థ చేసినది. అయినను ఆ పోళ్ళలోనే తాళము పడిన ఇండ్లు, గోదాములైన ఇండ్లు కూడ కలవు. హైదరాబాదు ఇంకొక పాఠము నేర్పును. వారసత్వ కట్టడముల రక్షణ నిబంధనను 2015లో ప్రభుత్వము తొలగించెను. 2017లో వేరొక చట్టము చేసెను. సర్కారు రక్షణ వచ్చును, పోవును. ఇల్లు నిలుచుట మొదట ఇంటివారి ఐకమత్యముపై ఆధారపడియున్నది.

అమ్ముట ఎల్లప్పుడును తప్పు కాదు. ఋణము తీర్చవలసినప్పుడు, రోగికి చికిత్స చేయింపవలసినప్పుడు, గోడలు కూలి ప్రాణహాని కలుగునట్లున్నప్పుడు ఇంటిని విడుచుటయే ధర్మము. జీవరక్ష కంటె గోడ మిన్న కాదు. కాని బిల్డరు కాగితముపై సంతకము చేయుటకు ముందు ఆడబిడ్డలతో సహా వాటాదారులందరును ఒకచోట కూర్చుండి మూడు లెక్కలు వ్రాసికొనవలెను. ఎవరికెంత చెల్లింపవలెను? ఏటేట మరమ్మతునకెంత కావలెను, దానినెవరు భరింతురు? స్వాధ్యాయమునకో, విద్యార్థుల బసకో, యాత్రికుల విడిదికో ఆ ఇంటివలన పరులకు కలుగు ఉపయోగమేమి? మొదటి రెండును సరిపోయి మూడవది ఖాళీగ నున్నచో, ఆ ఇల్లు నిలిచినను ఇంకను పరిగ్రహమే.