ఐదో కారణం

2019 జులై 14, లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్, చివరి ఓవర్. మార్టిన్ గప్టిల్ విసిరిన బంతి, రెండో పరుగు కోసం నేలమీదికి దూకిన ఇంగ్లండ్ బ్యాటర్ బెన్ స్టోక్స్ బ్యాటుకు తగిలి బౌండరీ దాటింది. ఒక్క బంతికి ఆరు పరుగులు వచ్చాయి. మ్యాచ్ టై అయింది, సూపర్ ఓవరూ టై అయింది, బౌండరీలు ఎక్కువ కొట్టినందుకు ఇంగ్లండ్ చేతికి కప్పు వచ్చింది. ఆ తర్వాత అందరూ ఇంగ్లండ్ నాలుగేళ్ల ప్రణాళికను మెచ్చుకున్నారు. ఆ బంతి రెండంగుళాలు అటుగా పోయి ఉంటే, అదే ప్రణాళికలో లోపాలు వెతికేవాళ్లు. ప్రణాళిక మారలేదు, దాన్ని చూసే చూపు మాత్రం ఒక బ్యాటు అంచు మీద ఆధారపడింది. ఆటల్లో మనకు అలవాటైన అన్యాయం ఇది: ఫలాన్ని చూసి పనికి వెల కడతాం.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పని నెరవేరడానికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం (పనికి ఆధారం), కర్త, కరణాలు (పనిముట్లు), రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఇవన్నీ ఉండగా తానొక్కడే కర్తననుకునేవాడికి సరైన చూపు లేదని కూడా అంటుంది. క్రీడాజట్లలో ఇప్పుడు నడుస్తున్న గణాంకాల పనిని నేను ఈ వెలుగులోనే చూస్తాను. ఆ పని విలువ జోస్యంలో ఉందని చాలామంది అనుకుంటారు. దాని అసలు విలువ పనిని ఫలం నుంచి విడదీసి చూపించడంలో ఉందని నా వాదన.

ఫుట్‌బాల్‌లో ఇది తేటగా కనిపిస్తుంది. పెద్ద లీగుల్లో మ్యాచ్‌కు సగటున మూడుకు అటూ ఇటూగానే గోల్స్ పడతాయి. అంత తక్కువ ఫలాలున్న ఆటలో గాలివాటానికి చోటెక్కువ. అందుకే విశ్లేషకులు గోల్స్ లెక్కతో ఆగకుండా, ప్రతి షాటు ఎంత దూరం నుంచి, ఏ కోణంలో వచ్చిందో చూసి, అలాంటి షాట్లు మామూలుగా వందకు ఎన్ని గోల్స్ అవుతాయో లెక్కగడతారు. దాని పేరు ఎక్స్‌పెక్టెడ్ గోల్స్. 2014-15 సీజన్లో యుర్గెన్ క్లాప్ శిక్షణలోని డార్ట్‌మండ్ ఒక దశలో జర్మన్ లీగు అట్టడుగుకు జారి, చివరికి ఏడో స్థానంతో బయటపడింది. క్లాప్ పనైపోయిందన్నారు. లివర్‌పూల్ క్లబ్‌లో అప్పట్లో గణాంకాలు చూసిన భౌతికశాస్త్రవేత్త ఇయన్ గ్రాహమ్ లెక్క మాత్రం వేరుగా తేలింది: జట్టు ఆట బాగానే ఉంది, ఫలమే ఎదురు తిరిగింది. 2015 అక్టోబరులో క్లాప్ లివర్‌పూల్‌కు వచ్చాడు. 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో ముప్పై ఏళ్ల తర్వాత ఇంగ్లిష్ లీగ్ ఆ క్లబ్‌కు దక్కాయి. (ఈ విజయాలే లెక్కకు రుజువంటే, నేను కాదంటున్న పొరపాటే నేనూ చేసినట్టు. ఆ కప్పులు రాకపోయినా 2015 నాటి లెక్క సబబే.)

జట్లు ఈ లెక్కలు వేసేది గెలుపు కోసమే కదా, ఇందులో గీత చెప్పే నిష్కామం ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, క్లబ్ యజమాని యోగి కాడు. ఆశ పోలేదు, కానీ తీర్పు చెప్పేచోట దాన్ని పక్కన పెట్టడం అలవాటవుతోంది. అంతవరకే నేను అంటున్నది. గీతలోని దైవమంటే అదృష్టం కాదనే ఆక్షేపణ ఇంకా బరువైనది. శంకరులు ఇంద్రియాలకు తోడ్పడే దేవతలన్నారు, రామానుజులు అంతర్యామి అన్నారు. ఇద్దరూ అదృష్టం అనలేదు. అయినా, కర్త చేతిలో లేనిదొకటి ప్రతి పనిలోనూ ఉందన్నచోట ఇద్దరూ కలుస్తారు, నా వాదనకు అది చాలు. యోగవాసిష్ఠం వైపు నుంచి మూడో ప్రశ్న వస్తుంది: దైవమన్నది వేరే లేదు, వెనకటి ప్రయత్నమే ఆ పేరుతో తిరిగొస్తుంది, కాబట్టి కొలత పెరిగేకొద్దీ అదృష్టం తరిగిపోదా? విచిత్రంగా ఆటలో జరిగేది దానికి తలకిందులు. అన్ని జట్లూ ఒకే రకం లెక్కలతో ఒకరికొకరు దగ్గరయ్యేకొద్దీ నైపుణ్యంలో తేడా సన్నబడుతుంది, గెలుపోటములను తేల్చే పని అదృష్టానికే ఎక్కువగా మిగులుతుంది.

నాకు నిజంగా భయం కలిగించేది కర్త సంగతి. డీప్‌మైండ్, లివర్‌పూల్ కలిసి తయారుచేసిన టాక్టిక్ఏఐ అనే కృత్రిమ మేధ, 7,176 కార్నర్ కిక్‌ల నుంచి నేర్చుకుని ఆటగాళ్లు ఎక్కడ నిలబడాలో సూచిస్తుంది. 2024లో వెలువడిన పరిశోధన ప్రకారం, క్లబ్ నిపుణులు పదింట తొమ్మిదిసార్లు మామూలు పద్ధతికంటే దాని సూచననే ఇష్టపడ్డారు. ఇంత తెలివైన కరణం ముందు కర్త చిన్నబోవడం సహజం. 2020 డిసెంబరులో కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ క్రికెట్ విశ్లేషకుడు నేథన్ లీమన్ బాల్కనీలో అంకెలు, అక్షరాల పలకలు పెట్టి కెప్టెన్ ఇయాన్ మోర్గన్‌కు సంకేతాలిస్తే, ఆట స్ఫూర్తి ఏమైందని గొడవ చేశారు. అందులో నాకు తప్పు కనిపించదు. పలకను చూసి బౌలర్ని మార్చాలా వద్దా అన్నది అప్పటికీ మోర్గన్ చేతిలోనే ఉంది. పలక వెనక దాక్కుంటేనే తప్పు. ఒక ఆటగాణ్ణి తప్పించి "లెక్క అలా చెప్పింది" అనే మేనేజరుకూ, "తలరాత అలా ఉంది" అని చేతులు దులుపుకునేవాడికీ తేడా నాకు కనిపించదు. ఐదు కారణాల్లో కర్తను చెరిపేసి నాలుగే మిగుల్చుకున్న మాటలు రెండూ. తానొక్కడే కర్తననుకోవడం ఎంత అవివేకమో, తాను కర్తనే కాదని తప్పించుకోవడమూ అంతే.

యంత్రాన్ని ఎక్కడ నిలపాలో క్రికెట్, అంపైరు తీర్పును సమీక్షించే డీఆర్‌ఎస్‌లో ఒక చిన్న నియమం పెట్టుకుంది. దాన్ని విసుక్కోని అభిమాని ఉండడు. ఎల్‌బీ అప్పీలులో కెమెరాలు బంతి దారిని గీస్తాయి, అది వికెట్లను రాసుకుంటూ పోయేదని తెర మీద చూపిస్తాయి. కానీ తగిలేది సగం బంతికంటే తక్కువైతే, గీసిన దారి ఊహే గనక, తీర్పు తిరగబడదు. అంపైర్స్ కాల్ అంటారు. మైదానంలో ఎండలో నిలబడి వేలెత్తిన మనిషి మాటే, తప్పొప్పులతో సహా, అతని మాటగానే నిలుస్తుంది.