దాసోహ స్థలమున మౌనము ధర్మమా?



కాయకము, దాసోహము — ఈ రెండును వీరశైవ గృహమునకు రెండు కన్నులు. ధర్మమార్గమున శ్రమించుట కాయకము. ఆ శ్రమఫలమును గురు లింగ జంగమములకు సమర్పించి, శేషమును ప్రసాదముగా స్వీకరించుట దాసోహము. ఈ మాటలు మనకు ఉగ్గుపాలతో అబ్బినవి. అయితే ఈ కాలమున దాసోహము మఠములోని పంక్తి భోజనముతోనే ముగియుట లేదు. రోగికి సపర్య చేయు ఆసుపత్రి, వృద్ధులను పోషించు ఆశ్రమము, పిల్లలు నివసించు వసతి గృహము, ఉద్దానపు మూత్రపిండ రోగులకు డయాలసిస్ చేయు కేంద్రము — ఇవన్నియు దాసోహ స్థలములే. అచ్చట పని చేయు ఆయా, వంటమనిషి, నర్సు, వార్డుబాయి అందరును కాయకజీవులే. అట్టి చోట ప్రాణమునకు ముప్పు తెచ్చు పద్ధతి యొకటి కంటబడినప్పుడు, చూచినవారు చెప్పవలెనా? ఊరకుండవలెనా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములనుండి తోచినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట నా పూర్వ విద్యార్థిని యొకతె సంక్రాంతికి ఊరు వచ్చి, మా యింటికి వచ్చినది. పనికై మన జిల్లాలనుండి వలసపోవు అనేకుల వలెనే ఆమెయు దూరనగరమున నొక వృద్ధాశ్రమమున ఆయాగా చేరియుండెను. కుశలప్రశ్నలైన పిదప ఆమె యిట్లడిగినది:

“మాస్టారూ, రాత్రిపూట ఇరవై మంది ముసలివాళ్ళకి నేనొక్కర్తినే. మంచం మీంచి పడిపోతారని కొందరి చేతులు చీరముక్కతో మంచానికి కట్టెయ్యమంటారు. వెనక తలుపుకి తాళం వేసి, తాళంచెవి మేనేజరుగారు ఇంటికి పట్టుకుపోతారు. ఇది తప్పని చెప్పాలా, వద్దా? వాళ్ళ ఉప్పు తింటున్నాను కదా!”

“నీకెందుకమ్మా! నీ పని నువ్వు చేసుకో. పెద్దవాళ్ళున్నారు, వాళ్ళే చూసుకుంటారు” అని చెప్పి పంపితిని. అది వివేకమనియే నాడు తలచితిని. ఆరు నెలలు గడచిన పిదప ఆమె మరల వచ్చినది. చీరముక్క ఒరసికొని యొక వృద్ధురాలి మణికట్టు పుండుపడి చీము పట్టినదట. “ఆవిడ నన్ను అమ్మా అని పిలిచేది మాస్టారూ” అని మాత్రము చెప్పి ఆమె కన్నీరు పెట్టుకొన్నది. నాకు మాట రాలేదు. ఆ పుండులో నా సలహాకును భాగము కలదు.

నేనట్లు చెప్పుటకు కారణమేమని అప్పటినుండి విచారించుచున్నాను. నాకు మూడు కారణములు కనబడినవి. పరనింద పాపమను భావము మొదటిది. ఉప్పు తిన్న చోటికి ద్రోహము చేయరాదను నీతి రెండవది. మూడవది భయము. మొదటి రెండును ధర్మమువలె కనబడుచున్నవి గనుక వానిని ముందుగా పరిశీలింతము.

పరనింద పాపమే, సందేహము లేదు. కాని తప్పును తెలుపుట యెల్ల నింద యగునా? శరణుల చరిత్రలో దీనికి సమాధానము కలదు. కల్యాణమున ఆయ్దక్కి మారయ్య యను శరణుడుండెను. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఆ బియ్యముతోనే ఆ దంపతులు దాసోహము నడపుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, ఈ ఆశ మనకు తగదని భర్తకు ముఖముననే చెప్పి, అధికమైన బియ్యమును తిరిగి పంపివేసినది.

లక్కమ్మ చేసినదేమి? ఇరుగుపొరుగు వారితో భర్తను గూర్చి గుసగుసలాడలేదు, సరిదిద్దగలవానికే చెప్పినది. మనిషిని తూలనాడలేదు, చేసిన పనిని చూపినది. ఊహించి చెప్పలేదు, కన్నులార చూచిన బియ్యమును గూర్చి చెప్పినది. చెప్పి ఊరకుండక, దిద్దుబాటు జరుగువరకు నిలిచినది. ఇది నింద కాదు, నివేదన. నిందకు మూలము ద్వేషము. నివేదనకు మూలము దయ. మారయ్య దీనివలన చిన్నబోలేదు. ఆయన కాయకము మరింత శుద్ధమైనది. భర్త తప్పును ఎత్తిచూపిన ఇల్లాలిని మన పెద్దలు గయ్యాళి యనలేదు. శరణి యని కొలిచిరి.

ఇక ఉప్పు మాట. ఆ ఆశ్రమమున నా విద్యార్థిని తినుచున్న ఉప్పు ఎవరిది? జీతమిచ్చువాడు యజమాని కావచ్చును. కాని ఆ దాసోహము ఎవరికొరకు నడచుచున్నదో వారే ఆమెకు జంగమస్వరూపులు. స్థావరముకంటె జంగమము మిన్న యనునది బసవేశ్వరుని బోధకు ఆయువుపట్టు. సంస్థ భవనము, దాని పేరు, గుమ్మముపై బల్ల — ఇవి స్థావరము. మంచముపై నున్న వృద్ధురాలు, పంక్తిలో కూర్చున్న బాలిక — వీరు జంగమము. సంస్థ పేరు చెడునని రోగి బాధను దాచువాడు స్థావరమును కొలిచి జంగమమును విడిచినవాడగును. మఠమైనను, సర్కారు వసతి గృహమైనను, ధర్మాసుపత్రియైనను ఇందుకు మినహాయింపు లేదు.

చెప్పుటకంటె ముందు గుర్తించుట యొకటి కలదు. నిత్యము చూచు తప్పు కొన్నాళ్ళకు తప్పుగా తోచదు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మానసిక రోగులనుంచిన యొక పాకకు నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టబడియున్నందున వారు తప్పించుకొనలేక, 28 మంది మరణించిరి. ఆ గొలుసులు రహస్యమైనవి కావు. వచ్చిపోవు వారెందరో వానిని చూచియుందురు. అది అచ్చటి ఆచారమని సరిపెట్టుకొనియుందురు. మానసిక రోగులను గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము పూర్తిగా నిషేధించినది. ఏర్వాడి వారి పాలిట అది పదునారేండ్ల ఆలస్యము. చీరముక్క గొలుసుకంటె మెత్తనిదే. కాని నిప్పు లేచిన రాత్రి, వెనుక తలుపు తాళము వేసియుండగా, రెండును ఒకటే.

మన చెంతనే చూడుడు. 2022 వరకు విజయనగరం జిల్లాలోనుండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన కురుపాములో గిరిజన బాలికల గురుకుల పాఠశాల కలదు. 2025 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో అచ్చట కామెర్లు వ్యాపించి, వందకు పైగా బాలికలు చికిత్స పొందవలసి వచ్చినది, ఇద్దరు కన్నుమూసిరి. ఆ దోషమెవరిదో నిర్ణయించుట నా పని కాదు. కాని హెపటైటిస్-ఎ యను కామెర్లు మలినమైన నీటివలన, ఆహారమువలన వ్యాపించునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఏ వసతి గృహమునందైనను నీటితొట్టిని ముందుగా చూచువారు వంటమనిషి, కావలివాడు, అచ్చటి పిల్లలు. మూత లేని తొట్టిని గూర్చి వారు చెప్పిన మాటకు విలువనిచ్చినచో అది వైద్యునికంటె ముందే పని చేయును.

కావున గుర్తింపవలసినవి పెద్ద నేరములు మాత్రమే కావు. బయటికి పోవు దారిలో పేర్చిన సామాను, చేతులు కడుగక మార్చిన కట్టు, ఒకరికి పొడిచి మరల వాడిన సూది, చీటీ చదువక ఇచ్చిన మందు, ఒక మనిషిని చూడగానే పిల్లవాడు ముడుచుకొనిపోవుట — ఇవి చిన్నవిగా కనబడును. డయాలసిస్‌లో రోగి రక్తము దేహమునుండి యంత్రములోనికి పోయి మరల దేహమును చేరును. ఆ రోగి వారమునకు రెండు మూడు మారులు వచ్చును. అచ్చట కడుగని చేయి చిన్న దోషమెట్లగును?

మూడవది భయము. దీనిని నేను తేలికగా కొట్టివేయను. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష చేసిన చేతులతో కాన్పులు చేయుటవలననే బాలింతలు మరణించుచున్నారని గ్రహించి, సున్నపుక్లోరిన్ నీటితో చేతులు కడుగుమని పట్టుబట్టెను. నూటికి పదిమందిని మించియుండిన మరణములు రెండింటికి దిగివచ్చినవి. అయినను దోషము తమ చేతులలో నున్నదనుట పెద్దలకు రుచింపలేదు. ఆయన 1850లో వియన్నా విడిచిపోయెను. వైద్యునికే యట్లయినప్పుడు, నెలజీతముపై ఇల్లు నడపు ఆయాను “ధైర్యముగా చెప్పుము” అని గద్దించుట మనకు సులభము, కష్టము ఆమెది.

అందుచే ఈ ధర్మములో పెద్దపాలు పైన కూర్చున్నవారిది. అనుభవ మంటపమున కులవృత్తి భేదములు లేక ఎవరైనను ప్రశ్నింపగలిగిరి. అట్టి మంటపమును కొలుచు మనము నడపు ప్రతి వసతి గృహమునందును, అన్నశాలయందును వినుటకొక చెవి యుండవలదా? ఫిర్యాదు వినుటకొక పెద్దను నియమింపుడు. చెప్పినవారిని పనినుండి తొలగింపమని మాట యిండు. విన్నదానిని పుస్తకమున వ్రాసి, ఏమి చేసితిరో చెప్పినవారికి తెలుపుడు.

చెప్పువారికిని క్రమము కలదు. చూచినది, చూచిన తేదీ, వేళ వ్రాసియుంచవలెను. ముందు అచ్చటి బాధ్యునికి, అతడు వినకున్న పై యధికారికి తెలుపవలెను. ప్రాణాపాయము ఎదుటనున్నచో 112కు ఫోను చేయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. పిల్లల విషయమున 1098, వృద్ధుల విషయమున 14567 సంఖ్యలు కలవు. పిల్లలపై లైంగిక అఘాయిత్యము జరిగినట్లు తెలిసినచో ఊరకుండు స్వేచ్ఛ మనకు లేదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలసినదే. దాచిపెట్టుట శిక్షార్హము, సద్బుద్ధితో తెలిపినవానికి చట్టమే రక్ష.

నా విద్యార్థిని కడకు నన్నడుగకయే ఆ వృద్ధురాలి కుమారునికి ఉన్నదున్నట్లు చెప్పినది. ఆ నెలలోనే ఆమె పని పోయినది. ఇప్పుడు వేరొకచోట పని చేయుచున్నది. అచ్చట మిగిలిన తోటి ఆయా చెప్పినదట — వెనుక తలుపు తాళంచెవి ఇప్పుడు తలుపు ప్రక్కనే మేకుకు వ్రేలాడుచున్నదని. చేతులు కట్టుట మానిరో లేదో తెలియదు.

“నీకెందుకమ్మా” అన్న నా మాటకు ఆమెను క్షమాపణ కోరితిని. “పోనీలెండి మాస్టారూ” అన్నది. నేను మాత్రము ఆ మాటను పోనీయలేదు. అట్టి ప్రశ్నతో రేపు మీ గుమ్మము తొక్కువారికి మీరు నా సమాధానము చెప్పకుందురుగాక.

శరణు శరణార్థి.