యజమాని ఆజ్ఞయు, ఇచ్చిన మాటయు

సాధన యన్నంతనే జపమాలయు, ఆసనమును, ఏకాంతమును స్ఫురించుట సహజము. కాని గృహస్థునకు నిజమైన పరీక్ష పెక్కు మారులు కార్యాలయమున, పట్టపగలు, మిక్కిలి స్వల్పముగ తోచు నొక మాటతో వచ్చుచుండును.

భవనములకు పటములు గీయు నొక చిన్న కార్యాలయమును ఊహింపుడు. అందు కంప్యూటర్లు పండ్రెండు. పటములు గీయు సాఫ్ట్‌వేరునకు లైసెన్సులు ఐదు. యజమాని దుష్టుడు కాడు. ఒకటవ తేదీన జీతము తప్పక యిచ్చువాడు. కంప్యూటర్ల బాధ్యత వహించు యువకుని తండ్రి ఆసుపత్రిలో నున్నపుడు అడుగకయే అడ్వాన్సు చేతిలో పెట్టినవాడు. ఇపుడొక పెద్ద పని వచ్చినది. గడువు రెండు వారములు. "ఎక్కడో క్రాక్ దొరుకుతుందట గదా, ఆ ఏడింటిలో కూడా వేసెయ్యవయ్యా, బిల్లు రాగానే కొనేద్దాం" అని అతడు ఆ యువకునితో ననును. దుర్మార్గుని కాదనుటకు కోపమే చాలును. ఉపకారము చేసినవానిని కాదనుటకు కోపము పనికిరాదు. వేఱొక బలము కావలెను.

నకలు తీసినంత మాత్రమున అసలు తరుగదు గదా, ఇది దొంగతన మెట్లగునని కొందరందురు. ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పొరుగువాని ఆవును తోలుకొనిపోయినచో వాని పాడి పోవును. ఇచట అట్లు కనబడదు. అయితే పతంజలి చెప్పిన ఐదు యమములలో అస్తేయమునకు ముందే సత్యము చెప్పబడినది. లైసెన్సు అనగా ఒక మాట: ఇన్ని యంత్రములలో, ఇందఱు మాత్రమే, ఈ పనికి మాత్రమే వాడుదుమని. "అంగీకరించుచున్నాను" అను చోట వ్రేలితో నొక్కిన క్షణముననే ఆ మాట ఇయ్యబడినది. విద్యార్థుల కొఱకిచ్చిన ప్రతితో వ్యాపారము చేయుటయు, ఒకని పేర నున్న ప్రవేశమును ముగ్గురు వాడుకొనుటయు ఆ మాటను తప్పుటయే. వస్తువు తరిగినదా యను విచారణ తరువాతిది. మాదాపురములో కుమారుడు సాఫ్ట్‌వేరు వ్రాయుచున్నాడని గర్వపడు తండ్రియే తన దుకాణములో వెల యియ్యని ప్రతిని నడుపుచుండుట నేడు వింత కాకపోవుటయే వింత!

1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో జరిగిన సవరణ కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్యకృతులలో చేర్చినది. కావున చట్టము దృష్టిలో ప్రోగ్రాము వ్రాసినవాడును గ్రంథకర్తయే. 1994 సవరణతో చేరిన 63-బి విభాగము ప్రకారము, అక్రమ ప్రతియని తెలిసియు కంప్యూటరులో వాడినవానికి 7 దినములకు తగ్గకుండ 3 సంవత్సరముల వఱకు కారాగారము, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వఱకు జుల్మానా విధింపవచ్చును. ఆ విభాగము చెప్పునది తెలిసి వాడినవానిని గూర్చి. యజమానిని మాత్రమే కాదు. అయినను శిక్షాభయముతో మానినవాడు శిక్ష రాదని తెలిసిన నాడు మరల చేయును. కనుక చట్టమును గూర్చి ఇంతకంటె విస్తరింప నక్కఱలేదు.

"పాపము ఆజ్ఞ యిచ్చినవానిది; నేను పనిముట్టును మాత్రమే" అను సమాధానము మిక్కిలి ప్రమాదకరమైనది; ఏలయన అది కర్మయోగము వేషము ధరించి వచ్చును. ఫలమును విడుచుట వేఱు, కర్మ ఎట్టిదో చూడకుండ కన్నులు మూసికొనుట వేఱు. వాల్మీకి రామాయణమున మారీచుని వృత్తాంతమిచట తలపదగినది. రావణు డతని కడకు రెండు మారులు వచ్చెను. అకంపనుని మాట విని వచ్చిన మొదటి మారు మారీచుడు హితము చెప్పగా విని లంకకు మరలిపోయెను. ఈ సంగతి చాలమంది మఱతురు. రావణుడంతటివాడును ఒకమారు విన్నాడు! శూర్పణఖ ప్రేరణచే వచ్చిన రెండవ మారు మాత్రము వినలేదు. తాను కోరినది సహాయమే గాని గుణదోషవిచారణ కాదనెను, అర్ధరాజ్యము నాశచూపెను, కాదన్నచో చంపుదుననెను. మారీచునికి జ్ఞానము కొఱవడలేదు. నాలుకతో నిజము చెప్పి, దేహమును మాత్రము అబద్ధమునకు అప్పగించెను. బంగారు లేడి యయ్యెను. తుదకు ప్రాణము విడుచునపుడు సైతము తన గొంతుతో గాక రాముని గొంతుతో కేక వేసెను.

అట్లని ఆ యువకుడు యజమానిపై విరుచుకుపడవలెనా? కూడదు. మొదట ఒప్పందమును చదువవలెను. కొన్ని లైసెన్సులు ఒకే మనిషికి రెండవ యంత్రమున వాడుకొను అనుమతి నిచ్చును. చట్టము సైతము భద్రత కొఱకు ఒక నకలు ఉంచుకొన నిచ్చును. చదువకయే తప్పనువాడు సత్యమును గాక తన యహంకారమును కాపాడుకొనుచున్నాడు. చదివిన పిదప, నలుగురి యెదుట గాక, ఒంటరిగా కలియవలెను. "మీరు దొంగతనము చేయించుచున్నారు" అనుట యేల? "ఇది నా చేత కాదండీ, కాని గడువు తప్పకుండ ఒక దారి చూచి వచ్చితిని" అనవచ్చును. ఆ దారి చేతిలో కాగితముగా నుండవలెను: ఏడింటికి నెలకు చందా యెంత, అందులో వ్రాతపనికి మాత్రమే వాడు యంత్రము లెన్ని, వానికి ఉచితముగా లభించు లిబ్రె ఆఫీసు వంటివి చాలునా, ఐదు యంత్రములపై రెండు పూటలు పని జరిపినచో ఎన్ని దినములు పట్టును, దొంగ ప్రతులతోపాటు వైరసులు జొరబడినచో పటములన్నియు ఏమగును. స్వామిభక్తి యనగా ఈ శ్రమయే. పెక్కు మంది యజమానులు అడుగునది అధర్మమును గాదు, తొందరలో తోచిన సులభమార్గమును. వేఱొక మార్గము చూపినచో మొదటి మారు రావణునివలె మరలిపోవుదురు.

వినని యజమానులును కలరు. అపుడు చెప్పిన మాటనే మర్యాదగా నొక ఉత్తరమున వ్రాసి యిచ్చి, ఆ పనికి మాత్రము చేయి కదల్పక, తక్కిన పనులను మునుపటికంటె శ్రద్ధగా చేయుచు, వేఱు కొలువు వెదకికొనవలెను. ఇది తేలిక యని చెప్పుట అన్యాయము. ఇంటి అప్పు వాయిదా నెల తప్పకుండ వచ్చును. తండ్రి మందులు ఆగవు. కావున ఆ ఉత్తరము నిచ్చుటకు ముందు రాత్రియే భార్యకు సంగతి నంతయు చెప్పవలెను. ఆ కొలువు పోయినచో ఇంటి లెక్క చూచుకొనవలసినది ఆమెయు. ఆమెకు తెలియకుండ తీసికొన్న నిర్ణయము భారమును సగము మాత్రమే మోయును. ఇద్దరును కూర్చుండి, చేతనున్న పైకము ఎన్ని నెలలకు వచ్చునో, ఏ ఖర్చు ముందు తగ్గింపవలెనో కాగితముపై వ్రాసికొని, తెల్లవారిన పిదప అతడు కార్యాలయమునకు బయలుదేరవలెను.