మెఱుగును చిలుమును

భూమిలో దొరకిన నాణెమును తోమవచ్చునా, తోమరాదా యను ప్రశ్న పైకి వంటింటి ప్రశ్నవలె నుండును. చింతపండు పెట్టి రాగిచెంబును తోమునట్టి ఇల్లాలికి దీనియందు సందేహమే కలుగదు. కాని ఇంగ్లండునందును అమెరికాయందును పొలములలోను సముద్రతీరములందును లోహశోధక యంత్రములు చేతబట్టి తిరుగు ఔత్సాహికులు ఈ పనికై వాడు సాధనమును గూర్చి తెలిసినప్పటినుండి, ఇది వంటింటితో ముగియునది కాదని మాకు తోచుచున్నది.

దాని పేరు రాక్ టంబ్లరు. చిన్న పీపా, రెండు కడ్డీలమీద పండుకొని విద్యుచ్ఛక్తిచే మెల్లగా దొర్లుచుండును. రంగురాళ్లకు నునుపు తెచ్చుటకై పుట్టినది. అందు రాళ్లును, గరుకుపొడియు, నీరును పోసి వారములకొలది త్రిప్పుదురు. నాణెముల కంతకాల మక్కఱలేదు. చేపలతొట్టెలో వేయు గులకఱాళ్లు, నీరు, కొంచెము సబ్బు చేర్చి కొన్ని గంటలు దొర్లించిన చాలును. రాగినాణెములను తక్కినవానితో కలుపరాదని యనుభవజ్ఞు లందురు. కలిపినచో తెల్లనివి యెఱ్ఱవాఱును. నిన్నమొన్న జేబునుండి జారిపడిన చిల్లరను శుభ్రపఱచుటకు ఈ యంత్రము మిక్కిలి యుపయోగకరమే. కోట్లకొలది వెలువడిన నాణెములలో నొకటి అరిగినంతమాత్రమున లోకమునకు వచ్చు నష్టమేమి? దీనిని పాపమనువారితో మే మేకీభవింపము.

చిక్కు మఱియొకచోట నున్నది. మన శాస్త్రములలో మలమునకు అద్దముమీది ధూళిని దృష్టాంతముగా చెప్పుదురు. ధూళి వేఱు, అద్దము వేఱు. తుడిచినచో అద్దము బయటపడును. ఈ దృష్టాంతము మనకెంత పరిచితమనగా ప్రతి మకిలియు నట్టిదే యనుకొందుము. నాణెముమీది చిలుము అట్టిది కాదు. అది రాగియే. తడియు, గాలియు, మన్నులోని లవణములును కలిసి రాగిని కొంచెము కొంచెముగా ఖనిజముగా మార్చును. లోపల నెఱ్ఱని పొర, పైన నాకుపచ్చని పొర. గనినుండి తీసి, కరగించి మనుష్యుడు చేసికొన్న లోహము తన తొంటి రూపునకు మరలిపోవుట యిది. పెక్కు ప్రాచీన నాణెములందు రాజముఖమును అక్షరములును నిలిచియుండునది ఈ పొరలోనే. దానిక్రింద మిగిలిన లోహము ఎగుడుదిగుడుగా తినబడి యుండును. చిలుమును ఊడ్చినవాడు అక్షరములనే ఊడ్చినవాడగును.

సంస్కారము దోషాపనయనమని, గుణాధానమని రెండు విధములుగా పెద్దలు చెప్పుదురు. పీపా చేయునది ఈ రెంటిలో నేది? టంకశాలనుండి వెలువడిననాటి మెఱుగు వేఱు, గులకఱాళ్ల యొరపిడిచే గలిగిన మెఱుగు వేఱు. కనుక పోయిన గుణము తిరిగి రాలేదు. దోషము తొలగినదందుమా, తొలగినది సాక్ష్యము. సంస్కర్తలమని చెప్పుకొనువారిలోను కొందఱు, పాత యాచారములను తోమబూనినప్పుడు, ఏది ధూళి, ఏది చిలుము అని యడుగు నోపికను చూపరు. అది వేఱు ప్రసంగము.

నాసిక్ ప్రాంతమున జోగల్తెంబి యను గ్రామమున 1906లో నహపానుని వెండినాణెములు 13,000కు పైగా నొక్కచోట దొరకినవి. అందు 9,000కు పైబడిన వానిని గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నములతో మరల ముద్రించి యుండెను. క్షహరాతుని ముఖముమీద శాతవాహనుని చైత్యము! క్రింది యచ్చు పూర్తిగా చెరగలేదు. అటనట నొక రేఖ, అక్షరపు తునుక కానవచ్చును. ఒక రాజు ఓటమిని, మఱియొకని గెలుపును ఒక్క బిళ్లమీద చదువుకొనుటకు ఆ తునుకలే యాధారము. అట్టి నాణెము నొకరాత్రి పీపాలో దొర్లించిన, ముందుగా పోవునది ఆ సన్నని రేఖయే.

చిలుము పూజ్యమని మేము చెప్పుటలేదు. క్లోరైడు లవణములు చొచ్చిన కంచునకు గాలిలోని తేమ తగిలినప్పుడు లేతయాకుపచ్చని పొడి రాలుచు, లోహము నానాటికి క్షీణించును. ఇంగ్లీషువారు దీనిని కంచురోగమందురు. దానిని చూచి యూరకుండుట ధర్మము కాదు, చికిత్స చేయవలసినదే. కాని మ్యూజియములందలి నిపుణులు సూక్ష్మదర్శినిక్రింద సన్నని కత్తితో, సూదితో రవ్వరవ్వగా తీయుచు, ఎక్కడ నాగవలయునో ప్రతిక్షణమును చూచుకొందురు. పీపాకు చూపు లేదు. దొరపుత్రుని నాణెమును, నిన్నటి చిల్లరను అది యొక్కతీరుననే యొరయును.

చట్టములు లేకపోలేదు. మన దేశమున 1878 నాటి చట్టము పదిరూపాయల విలువకు మించిన నిక్షేపమును కలెక్టరునకు తెలుపుమన్నది. ఇంగ్లండున 1996 నాటి చట్టము నిక్షేపము దొరకిన 14 దినములలో కరోనరునకు తెలుపుమనుచున్నది. అయినను ఒంటిగా దొరకిన నాణెము అక్కడ సాధారణముగా నిక్షేపము కాదు. భూస్వామితో ఒడంబడిక యున్నచో దొరకినవాని సొత్తే. వాడు దానిని పీపాలో వేసిన నడుగువాడు లేడు. చట్టము మౌనము వహించినచోటనే మా ప్రశ్న మొదలగును. వస్తువు నాదైనందున దాని సాక్ష్యమును నాదే యనవచ్చునా? తాతనాటి తాటాకుల కట్ట గృహస్థునిదే. అందు గంటముతో గీచిన యక్షరములలో మసి పూసియుందురు. ఆకు నల్లబడినదని గోకి, మసియంతయు వదలగొట్టి, చూచితిరా యెంత తెల్లగా నున్నదో యని చూపువానిని మన మేమందుము? ఆకులు వానివి. పాఠము మాత్రము, ఇంకను పుట్టని చదువరులతో గలసి వానికి వచ్చిన యుమ్మడి యాస్తి.

కనుగొన్నవాని సంతోషమునకు విలువ లేదా యని యడుగుదురు. ఉన్నది. పొలములో దొరకిన కంపెనీవారి రాగినాణెమును మా బడిపిల్లవాడొకడు చింతపండుతో తోమి, తళతళలాడించుచు తెచ్చెను. సింహము లుండవలసినచోట నున్నని బిళ్లయే మిగిలినది. వానిని మందలించుటకు మాకు నోరాడలేదు; తల్లి చెంబునకు చేయునదే వాడును చేసెను. ఎక్కడ దొరకినదిరా యని యడిగితిమి. ఏ చేను, ఏ గట్టుప్రక్క, నాగలి యెంతలోతు దిగినప్పుడు, చుట్టును పెంకులేమైన నుండెనా యని యడిగినకొలది వానికి అన్నియు జ్ఞాపకమునకు వచ్చినవి. అవి యన్నియు వానిచేతనే కాగితముమీద వ్రాయించి, అందులోనే నాణెమును పొట్లము కట్టించితిమి.