కోనేటి యొడ్డున

యోహాను సువార్త 5వ అధ్యాయములో, బేతెస్ద కోనేటియొద్ద 38 ఏండ్లుగా బాధపడుచున్న మనుష్యుని మనమెరుగుదుము. నీళ్లు కదలినప్పుడు తన్ను దించువారెవరును లేరని అతడు ప్రభువుతో చెప్పెను. అది సాకు అని బోధించువారు కలరు. మాకట్లు తోచదు. అతడు ఉన్న సంగతియే చెప్పెను.

మన పెద్దపంజాణి పల్లెలలో ఈత వచ్చినవారిని అడిగి చూడుడి. నడుమునకు ఎండిన సొరబుఱ్ఱ కట్టి, అన్నయో మామయో బావిలోనికి దింపియుందురు. తనంతట తానే నేర్చినవాడు అరుదు.

ఖమ్మం జిల్లా సత్తుపల్లికి చెందిన ప్రత్తిపాటి మాధవీలత గారికి పసితనముననే పోలియో సోకెను. చెన్నపట్టణములో బ్యాంకు ఉద్యోగము చేయుచుండగా వెన్నెముక బాధ ముదిరి, ఆమె వైద్యము కొరకు నీటిలోనికి దిగిరి. అక్కడనే ఈత నేర్చి, 2011లో జాతీయ పారా ఈత పోటీలలో పతకములు గెలిచిరి. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్ ఈతలో మన దేశమునకు మొదటి స్వర్ణము తెచ్చిన మురళీకాంత్ పేట్కర్ గారును 1965 యుద్ధములో తూటాలు తగిలిన సైనికుడే. ఆమె కాళ్లు ఒడ్డున ఎట్లున్నవో నీళ్లలోను అట్లే యున్నవి. మారినది చోటు. నీరు ఆమెను మోసెను.

ఇట్టివారిని మనము మెచ్చుకొందుము, మంచిదే. అయితే ఆ నోటితోనే నడువలేని పొరుగువానితో, ఆమె చేయలేదా, నీకేమి అడ్డమని అందుము. ఇది క్రూరత్వము. మాధవీలత గారు అట్లు అనక, చక్రాల కుర్చీలో కూర్చుండి ఆడు బాస్కెట్‌బాల్‌కు దేశవ్యాప్త సమాఖ్యను నడిపించి, ఇతరులకు ఆటస్థలము చూపిరి.

ప్రభువు ఆ మనుష్యుని కోనేటిలో దించలేదే, మాటతోనే లేపెను గదా, కనుక మన పని ప్రార్థనయే అని కొందరందురు. లేపు శక్తి ప్రభువుది. మోయు చేతులు మనకున్నవి. మార్కు 2వ అధ్యాయములో నలుగురు ఇంటికప్పు విప్పి పక్షవాయువు గలవానిని దించిరి. కప్పు పాడైనదని ఇంటివాడు సణిగినట్లు వ్రాయబడలేదు.

మా మందిరమునకు నాలుగు మెట్లున్నవి. ఒక తల్లిని ఆమె కుమారులు ఎత్తికొని వచ్చుచుండిరి. వారు బెంగుళూరుకు పనికి పోయిన నాటినుండి ఆమె వెలుపలనే కూర్చుండి ఆరాధించుచున్నది. మెట్ల ప్రక్క వాలుగా సిమెంటు బాట వేయుదమనగా, ఒక్కరి కొరకు ఇంత ఖర్చా అని సంఘపెద్ద యొకరు అడిగిరి. ఆ అయిదు మంటపములలో రోగులు గుంపులుగా పడియుండగా ప్రభువు ఒక్కనియొద్దకే పోయెనని మేము చెప్పితిమి. ఆయన మారు పలుకలేదు. మేస్త్రీ వచ్చి కొలత తీసికొని పోయెను. ఇసుక, సిమెంటు లెక్క ఇంకను తేలవలసియున్నది.