మనుష్యఋణము

తెనాలి,
2020 జూన్ 25

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అమ్మా, నీ జాబు చేరినది. మార్చి నెలలో బడి అరలో విడిచివచ్చిన నీ పుస్తకములను, ఒక జత బూట్లను సంచిలో పెట్టి, ముఖమునకు మాస్కు కట్టుకొన్న ఉపాధ్యాయురాలు కారు కిటికీలోనుండి అందించి, చేయి ఊపి, వెనుకనున్న కారువైపు నడచినదనియు, నీ పదవ తరగతి అట్లు రెండు నిమిషములలో ముగిసినదనియు వ్రాసితివి. ఆ పిమ్మట అసలు ప్రశ్న వేసితివి. మీ మినియాపొలిస్ నగరమున ఊరేగింపులకు నీ తోటివారు పోవుచుండగా, “మనము చదువుకొని బ్రదుకుటకు వచ్చినవారము, నల్లవారికిని తెల్లవారికిని ఎన్నడో మొదలైన తగవు మనకెందుకు?” అని మీ నాన్నగారు అన్నారట, ఆ మాట న్యాయమేనా అని నన్నడిగితివి. కన్నబిడ్డ క్షేమము కోరు తండ్రి భయపడి అన్న మాట అది. ఆ భయమును చులకన చేయరాదు. అయినను ‘మనకెందుకు’ అను ప్రశ్నకు ఉత్తరమున్నది. అది కొంత దీర్ఘమైనది. సెలవులలోనున్నావు గనుక ఓపికతో చదువుము.

మహమ్మారి సంగతి ముందు చెప్పెదను. మీ రాష్ట్ర గవర్నరు టిమ్ వాల్జ్ మార్చి 18 నాటికి బడులన్నింటిని మూయించి, 30వ తేదీనుండి ఇంటి యొద్దనే చదువు సాగవలెనని శాసించి, ఏప్రిల్ 23న ఆ ఏర్పాటును సంవత్సరాంతమువరకు పొడిగించినపుడు మూతపడినవి పాఠములు చెప్పు గదులు మాత్రమే యనుకొనకుము. బడి యనగా ఎందరికో పగటిపూట భోజనము, చలికాలమున వెచ్చని గది, ఇంటిలో చెప్పుకొనరాని బాధను ఆలకించు పెద్దదిక్కు. అందుచేతనే మీ పాఠశాలల జిల్లావారు తలుపులు మూసియు భోజనపు పొట్లములు పంచుట మానలేకపోయిరి. నీకు గది యున్నది, బల్ల యున్నది, కంప్యూటరు ఉన్నది. ముగ్గురు బిడ్డలకు ఒకే ఫోను ఉన్న ఇంటిలో ఎవరి తరగతి జరుగవలెను, ఎవరిది ఆగవలెను? ఒకే పాఠము వినుచు ప్రక్కప్రక్కన కూర్చుండిన పిల్లల నడుమ ఎంత దూరమున్నదో, బడి తెరచియున్నంతకాలము కానరానిది, మూతపడిన వారము దినములలో బట్టబయలైనది.

ఇక్కడను అంతే. తెలంగాణ ప్రభుత్వము ఈ నెల 8న, మన ప్రభుత్వము 20న పదవ తరగతి పరీక్షలను రద్దుచేసి పిల్లలందరిని ఉత్తీర్ణులనుగా ప్రకటించినవి. తల్లిదండ్రులు ‘అమ్మయ్య’ అనుకొనిరి. కాని ఏప్రిల్ నెలలో పత్రికలలో వచ్చిన ఒక బాలిక కథ నన్ను విడువకున్నది. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేండ్ల ఆదివాసీ పిల్ల, ములుగు జిల్లా మిరపచేలలో కాయకోతకు కూలిగా వచ్చి, లాక్‌డౌనువలన పని నిలిచిపోగా, తోటికూలీలతో కలిసి అడవిదారిని మూడు దినములు నడచి, ఇల్లు ఇక దగ్గరపడినదనగా 18వ తేదీన ప్రాణము విడిచినది. నీకంటె చిన్నది. మన ఇండ్లలో ఆవకాయకు కొన్న కారము ఏ చేతులు కోసిన కాయలదో మనమెవ్వరమును అడిగియుండలేదు. ఏ పరీక్ష రద్దయినను ఆ పిల్లకు ఒరుగునదేమి? వ్యాధి రాకమునుపే ఆమెకు బడి మూతపడియున్నది.

ఇక రెండవ సంగతి. మే 25న మీ నగరములోని ముప్పదియెనిమిదవ వీథియు షికాగో ఎవెన్యూయు కలియు కూడలిలో, జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని మెడమీద ఒక పోలీసు అధికారి మోకాలు మోపి, ఎనిమిది నిమిషములకు పైగా తీయకపోగా, ఆతడు మరణించెను. పోలీసుశాఖవారి తొలి ప్రకటన దానిని ఆరోగ్యము చెడి సంభవించిన మరణమువలె వర్ణించినది. ఆ ప్రకటన చరిత్రలో నిలిచిపోకుండ అడ్డుపడినది, తన చిన్న చుట్టమును వెంటబెట్టుకొని అంగడికి పోవుచుండిన పదునేడేండ్ల బాలిక. మీ పాఠశాలల జిల్లాలోనే చదువుకొనుచున్నది. ఆమె చేతిలోనున్నది మీరందరును మోయు ఫోనే. తొలగిపొమ్మని ఆయుధధారులు అదలించుచుండినను ఆమె నిలిచినది, చూచినది, చూచినదానిని ఆ ఫోనులో చిత్రించి లోకము ముందుంచినది. మన ధర్మశాస్త్రములు సాక్ష్యమునకు అంతటి గౌరవమేల ఇచ్చినవో, తెలిసియుండి పలుకని సాక్షిని దోషియని ఏల అన్నవో, ఆ పిల్లను తలచుకొన్నపుడు నాకు తేటపడుచున్నది.

వారము తిరిగినంతనే, జూన్ 2న, మీ జిల్లా పాలకమండలి ఏకగ్రీవముగా తీర్మానించి, బడులలో కాపలాకై నగర పోలీసుశాఖతో చేసికొనిన ఒప్పందమును రద్దుచేసినది. ఆ నిర్ణయము ఉచితమా, తొందరపాటా అని పెద్దలు వాదించుకొందురు గాక. పోలీసును చూచినంతనే కొందరు పిల్లలకు ధైర్యమును కొందరికి గుండెదడయు కలుగుచున్నచో, ఆ గుండెదడయు విద్యాశాఖ పట్టించుకొనవలసిన విషయమే యని ఒక పాలకమండలి ఒప్పుకొనుట నాకు మెచ్చదగినదిగా తోచినది.

బడి మూతపడుటకు రోగమొక్కటే కారణము కానక్కరలేదని చరిత్ర చెప్పుచున్నది. వర్జీనియా రాష్ట్రమున ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ యున్నది. అచట ఫార్మ్‌విల్ అను ఊరిలో నల్లపిల్లలకై కట్టిన మోటన్ హైస్కూలు పిల్లలకు చాలక, తారుకాగితము కప్పిన పాకలలో తరగతులు నడపుచుండగా, 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అను పదునారేండ్ల విద్యార్థిని తోటివారిని కూడగట్టి సమ్మె చేయించినది. వారి వ్యాజ్యము తక్కిన నాలుగింటితో కలిసి సుప్రీంకోర్టుకు పోగా, 1954 మే 17న, జాతినిబట్టి బడులను వేరుచేయుట రాజ్యాంగవిరుద్ధమని న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకకంఠముతో తీర్పు చెప్పిరి. ఆ తీర్పును పాటించుటకంటె బడులే లేకుండుట మేలని తలచి, 1959లో ఆ కౌంటీ పాలకులు ప్రభుత్వపాఠశాలలకు సొమ్ము నిలిపి, వానినన్నింటిని మూసివేసిరి. తెల్లపిల్లలకు ప్రత్యేకముగా ప్రైవేటు బడి వెలసినది. నల్లపిల్లలకు 1964లో సుప్రీంకోర్టు మరల కలుగజేసికొనువరకు ఐదేండ్లపాటు ఊరిలో ప్రభుత్వపు బడి లేకపోయెను. ఎనిమిదేండ్ల వయసున బడి విడిచినవాడు పదుమూడేండ్లవాడై తిరిగివచ్చినచో, వానికి పోయిన బాల్యమును ఏ తీర్పు తెచ్చి ఈయగలదు? మూడు నెలల మూసివేతకే మనమింత తల్లడిల్లితిమి గదా. ఐదేండ్ల మూసివేతను ద్వేషము చేతులారా తెచ్చిపెట్టినదని జ్ఞాపకముంచుకొనుము.

ఆ కాలము గడచిపోయినది, ఇప్పుడు బడులందరికిని సమానమే యని నీవనుకొందువేమో. మీ నాన్నగారు ఇల్లు కొన్ననాడు నాతో సంతోషముగా చెప్పిన మొదటి మాట “స్కూల్ డిస్ట్రిక్టు చూచి, మంచి బడి పరిధిలో తీసికొన్నాము మామయ్యగారూ” అనునది. ఏ తెలుగువాడైనను అట్లే చేయును, అందు తప్పులేదు. కాని ఆ పరిధులను గీసిన చేతుల చరిత్రను నీవు తెలిసికొనవలెను. 1910 మొదలుకొని మీ నగరమున వేలకొలది ఇండ్ల దస్తావేజులలో, ఈ స్థలమును నల్లజాతివారికి, కొన్నింట ఆసియావాసులకు సైతము, అమ్మరాదనియు అద్దెకీయరాదనియు షరతులు వ్రాసిరి. మినిసోటా విశ్వవిద్యాలయములోని ‘మ్యాపింగ్ ప్రెజుడిస్’ అను పరిశోధక బృందము ఆ దస్తావేజులను ఒక్కొక్కటిగా చదివి, ఏ వీథిలో ఏ ఇంటికి ఆ షరతు ఉండెనో పటములో గుర్తించినది. అట్టి షరతులను న్యాయస్థానములు అమలుపరుపరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పినది. 1968 చట్టము ఇండ్ల విషయమున జాతివివక్షనే నిషేధించినది. కాని సిరా వెలిసినను గీత చెరగలేదు. ఏ వీథిలో ఎవరు స్థిరపడిరో, ఏ ఇంటి వెల పెరిగెనో, ఏ బడికి ఎవరి బిడ్డలు చేరిరో, అన్నియు ఆ గీతవెంటనే నడచినవి. ఈ మే నెల 12న, ఫ్లాయిడ్ మరణమునకు పదుమూడు దినములు ముందుగా, మీ పాలకమండలియే ఆరుగురు అవుననియు ముగ్గురు కాదనియు ఓటువేయగా, బడుల పరిధులను మార్చి వ్రాయు ప్రణాళిక నామోదించినదని నీకు తెలిసియే యుండును. మీ వీథిలోనివారు దానిపై విసుగుకొనిన, ‘మా గీత ఏల మార్చెదరు’ అని అడుగుటకుముందు, ‘మొదట ఆ గీతను ఎవరు, ఎవరిని దూరముంచుటకు గీసిరి’ అని అడుగవలెనని నా మతము.

ఇప్పుడు ‘మనకెందుకు’ అన్న ప్రశ్నకు వచ్చెదను. పంజాబునుండి వచ్చి, మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యములో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్ అను సిక్కు యువకుడు పౌరసత్వము కోరి, తాను ఉన్నతకులమునకు చెందిన ఆర్యుడను గనుక తెల్లవారిలో చేర్చవలెనని వాదించినాడు. 1923లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. అదివరకే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వమును సైతము ప్రభుత్వము లాగికొనినది. అక్కడ వేరొకరిని తక్కువచేసి తాను ఎక్కువవాడనని నిరూపించుకొనజూచిన కులగర్వమునకు దక్కిన ఫలితమది. మరి మనవారికి ఆ దేశపు ద్వారము తెరచుకొనినది ఎట్లనుకొంటివి? నల్లవారు బస్సులలో, హోటళ్ళలో, బడులలో, పోలింగు కేంద్రములలో దెబ్బలు తిని, కుక్కలచే కరపించుకొని, చెరసాలలకు పోయి సాధించిన పౌరహక్కుల చట్టములు 1964, 1965 సంవత్సరములలో వచ్చినవి. జాతినిబట్టి వలసలకు వాటాలుంచుట సిగ్గుచేటని ఆ దేశము ఆ వేడిలోనే గ్రహించి, 1965లో వలసచట్టమును మార్చినది. మన డాక్టర్లు, ఇంజనీర్లు, వారి వెనుక మీ నాన్నగారి తరము ఆ మారిన చట్టపు వాకిటిలోనుండియే ప్రవేశించిరి. కష్టపడి పైకి వచ్చితిమని మనవారు చెప్పుకొనునది నిజమే. ఆ కష్టమునకు ఫలమిచ్చు వాకిలి మాత్రము పరుల నెత్తుటితో తెరువబడినది.

మనుష్యుడు పుట్టుటయే ఋణములతో పుట్టునని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అందరెరిగినవే; నాలుగవది మనుష్యఋణము. సాటిమనుష్యులకు ఆశ్రయమును అన్నమును ఇచ్చుటచే అది తీరునట. కన్నతల్లిదండ్రులకు, చదువుచెప్పిన గురువులకు కృతజ్ఞత చూపుట మనకు బాగుగ తెలియును. మనకు చుట్టములు కాని, మన భాష తెలియని, మన పేరైన వినని వారివలన పొందిన మేలును మాత్రము అదృష్టమను ఖాతాలో వేసికొనుట మనకు అలవాటైనది. మీ నాన్నగారికి ఇదంతయు ఒప్పచెప్పి కోపింపకుము. భోజనమువేళ 1965 చట్టము సంగతి ఒకటి ఎత్తి, ఆయన ఏమందురో వినుము.

ఈ ఋణము తీర్చుట ఎట్లో మీ ఊరివారే చూపిరి. ఫ్లాయిడ్ మరణము పిమ్మట చెలరేగిన అలజడిలో లేక్ వీథిలోని అంగళ్ళు తగులబడి, సరకు దొరకక ఇండ్లలో పొయ్యి వెలుగని వేళ, శాన్‌ఫర్డ్ మిడిల్ స్కూలు ప్రధానోపాధ్యాయురాలు ఎనుబదియైదు కుటుంబముల కొరకు ఎనుబదియైదు సంచుల తిండిసామాగ్రి కావలెనని అడిగినది. మే 31, ఆదివారమునాడు, మైళ్ళ పొడవున కార్లు బారులు తీరి, సంచులు వేలకొలదిగా వచ్చిపడినవట. బియ్యము, పసిబిడ్డల పాలపొడి, సబ్బులు ఆ బడి ముంగిట గుట్టలుగా పోసిరి. మూతపడిన ఆ బడి ఆనాడు చేసినంత విద్యాదానము తెరచియున్న ఏ దినమున చేసియుండును?

ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. దూరపు అన్యాయమును ఖండించుట సులభము, ఇంటిది కష్టము. ఊరేగింపులో పలక పట్టుకొనిన చేతితోనే, పెండ్లి ప్రకటనలో ‘తెల్లని పిల్ల, మా కులమే కావలెను’ అని వ్రాయు మనవారు లేకపోలేదు. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశమునకు వచ్చినపుడు, తిరువనంతపురమున దళితపిల్లలు చదువు బడిలో ఆ బడి పెద్ద ఆయనను ‘అమెరికానుండి వచ్చిన అస్పృశ్య సోదరుడు’ అని పరిచయము చేసెననియు, మొదట తాను నొచ్చుకొని పిదప అది సత్యమేయని ఒప్పుకొంటిననియు ఆయనయే చెప్పినాడు. మన పల్లెలలో దళితవాడ ఏ దిక్కున, ఎంత దూరమున ఉండునో నీవు చూచియున్నావు. అక్కడి గీతను తప్పు అన్నవారు ఇక్కడి గీతను ఆచారమనరాదు.

కావున నీవు చేయవలసిన పనులు మూడు చెప్పెదను. నీ తోటి విద్యార్థులు చెప్పునది, వారికి బదులు నీవు మాటాడక, మొదట వినుము. బడి తెరచిన పిమ్మట పాలకమండలి సమావేశములకు పోయి, పరిధుల మార్పు ఎవరికి మేలు చేయునో, ఎవరిని అలయించునో లెక్కలతో తెలిసికొనుము. కోపమునకు జ్ఞానము తోడైనగాని అది పనికిరాదు. ఇక మూడవది వెంటనే చేయదగినది. విశ్వవిద్యాలయమువారి పటములో మీ ఇంటి చిరునామా వెదకి, మీ స్థలపు పాత దస్తావేజులో ఆ షరతు ఉండెనేమో చూడుము. ఉన్నచో, దానిని తాము తిరస్కరించుచున్నామని యజమానులు కౌంటీ కార్యాలయమున నమోదు చేయుటకు మీ రాష్ట్రము 2019లో చట్టము చేసినది. ఆ కాగితముమీద సంతకము చేయవలసినవారు మీ నాన్నగారు. ఆయన ప్రక్కన కూర్చుండి, ఆ పాత వాక్యమును ఆయనచేతనే బిగ్గరగా చదివించుము. ‘మనకెందుకు’ అను ప్రశ్నకు ఉత్తరము అప్పుడు ఆయనకు నేను చెప్పవలసిన పని యుండదు. ఏమి తేలినదో నాకు వ్రాయుము.

అమ్మమ్మ ఆశీస్సులు. మాస్కు మరువకుము.

ఇట్లు,
నీ క్షేమము కోరు,
తాతయ్య